పెళ్ళి ఫొటోలో మరిది

గోడ మీద అంత ఎత్తున మరిది నిలబడి ఉంటాడని ఎర్సీలియా అనుకోలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె ఇటాలియన్ హాల్లోకి అడుగుపెట్టేసరికి గోడ పని దాదాపు అయిపోయింది. ఓడలెక్కి సముద్రాలు దాటి మా చెరకు ఊరికి వచ్చిపడ్డ ఇటలీ కుటుంబాలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. ఒక్కో ఇంటికి పైన ఒక పెళ్ళి ఫొటో, దాని కింద ఎర్ర దారాలు, దారాల చివర పిల్లలు, వాళ్ళ కింద మనవలు. ఆదివారం ఊరందరి ముందూ తెర తీస్తారు. ఇదంతా మా వంశవృక్షాల సంఘం వాళ్ళ పని. పేరు అదైనా ఊళ్ళో అందరూ వాళ్ళని తాతల పిచ్చోళ్ళనే అంటారు. అనరూ మరి! బతికున్న కొడుక్కి ఫోన్ చెయ్యడానికి తీరికుండదు గానీ, ఎప్పుడో పోయిన ముత్తాతకి ఏ చర్చిలో జ్ఞానస్నానం చేయించారో కనుక్కోవడానికి మాత్రం తిండీ నిద్రా మానేసి కూర్చుంటారు.

ఫవరెత్తో వారి దారాలన్నీ ఎర్సీలియా పెళ్ళి ఫొటో నుంచి మొదలయ్యాయి. ఇంట్లో నడవాలో జానెడు చట్రంలో వేలాడే ఫొటోని సంఘం వాళ్ళు తలుపంత చేసి పెట్టారు. తెల్ల గౌనులో తను, చేతిలో పూలు. పక్కన నల్లకోటు తొడుక్కుని, జుట్టు నున్నగా దువ్వుకుని, పలువరస కనబడేలా నవ్వుతూ మరిది తుల్లియో. కింద అచ్చక్షరాల్లో 'బోర్తొలో ఫవరెత్తో, ఎర్సీలియా దంపతుల వివాహం' అని ఉంది.

"ఎలా ఉంది నానమ్మా?" అంది బియాంకా. ఎర్సీలియా కొడుకు కూతురు. నానమ్మని ఆశ్చర్యపరుద్దామని ఫొటోని చెప్పకుండా తెచ్చి ఇచ్చింది తనే. చెరకు మిల్లు ఆఫీసులో ఉద్యోగం, ఇంటికి రాగానే ఈ తాతల పిచ్చి.

ఎర్సీలియా జవాబు చెప్పేలోగా వంటగదిలోంచి నున్జియా వచ్చింది, మోచేతుల దాకా పిండితో. దక్షిణాది సిసిలీ మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"అబ్బో! బోర్తొలో అన్నయ్య ఇంత అందగాడని నాకు ఎన్నడూ తట్టలేదే! ఆ చెరకు మసిలో మొహం కనబడితేగా! ఈ సొగసంతా ఇంట్లో దాచేసుకున్నావు కదూ వదినా?"

"ఆయన కాదు," అంది ఎర్సీలియా.

"ఏమిటీ?"

"ఆ పక్కనున్నది మా ఆయన కాదు. మా మరిది."

నున్జియా గబగబా సిలువ గుర్తు వేసుకుంది. నుదుటి మీద పిండి అంటుకుంది.

"ఓరి దేవుడా! మరిదితో పెళ్ళేమిటే తల్లీ!"

"మరిదితో కాదు. మరిది ఎదుట. బోర్తొలో అప్పుడు ఇక్కడ చెరకు కొడుతున్నాడు. నేను అక్కడ, ఇటలీలో విచెంజా కొండల్లో. ఆయన బదులు తమ్ముడు నిలబడ్డాడు."

"ఓహో, బదులు పెళ్ళా!" నున్జియా గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. "ఆ ముక్క ముందు చెప్పి ఏడవొచ్చుగా! ప్రాణం పోయినంత పనయింది. మీ సంకటి మొహాలు ఏదీ సూటిగా చెప్పరు."

"మీ మట్టిబెడ్డలకి చెప్పేదాకా ఓపికుండదు," అంది ఎర్సీలియా. ఇటలీ ఉత్తరాది వాళ్ళు మొక్కజొన్న సంకటి తింటారని వాళ్ళూ, దక్షిణాది వాళ్ళు మట్టి పిసుక్కుంటారని వీళ్ళూ. ఆ ఎత్తిపొడుపులు ఓడెక్కి ఇక్కడిదాకా వచ్చాయి, ఇంకా అరిగిపోలేదు.

నిచ్చెన మీద నుంచి అల్డో దిగివచ్చాడు. సంఘానికి అధ్యక్షుడు. మందుల షాపు నడిపి నడిపి మానేసినవాడు. సీసా మీద చీటీ లేనిదే మంచినీళ్ళు కూడా నమ్మడు.

"అదెలా ఎర్సీలియమ్మా? నేను అన్నీ సరిచూశాను. ఫొటో వెనక తేదీ సరిపోయింది. చర్చి రికార్డులో తేదీ సరిపోయింది. ఊరి పేరు, ఫాదరు పేరు, పెళ్ళికూతురు..."

"అన్నీ సరిపోయాయయ్యా. పెళ్ళికొడుకే సరిపోలేదు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అల్డో నవ్వలేదు, చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అతను ఇక్కడే పుట్టాడు. వాళ్ళమ్మా నాన్నా జంటగా వచ్చినవాళ్ళు. పెళ్ళి ఫొటోలో ఉన్నవాడు మొగుడు కాకపోవచ్చని అతనికెలా తెలుస్తుంది?

"మిగతావాళ్ళూ బదులు పెళ్ళిళ్ళు చేసుకున్నారుగా," అంది బియాంకా గోడవైపు చూస్తూ. "వాళ్ళ ఫొటోలు సరిగ్గానే ఉన్నాయే."

"వాళ్ళు ఇక్కడ దిగాక గౌను మళ్ళీ తొడుక్కుని స్టూడియోకి వెళ్ళారు. నా గౌను మా పిన్ని కూతురిది. పెళ్ళయిన మర్నాడే మడతపెట్టి ఇచ్చేశాను."

అల్డో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, పొరపాటు దిద్దుకుందాం. కింద చీటీ మార్చేస్తాను. 'వరుడి స్థానంలో సోదరుడు తుల్లియో' అని. నిజం నిజంగా ఉంటుంది."

ఎర్సీలియా గోడంతా ఆ చివర్నించి ఈ చివరికి చూసింది. అందరు మొగుళ్ళూ ఉన్నారు. పొట్టివాళ్ళూ, బట్టతలవాళ్ళూ, కోటు బిగుతై ఊపిరాడనివాళ్ళూ. అందరూ తమ పెళ్ళాల పక్కన నిలబడి ఉన్నారు.

"ఇంతమందిలో మా ఆయనొక్కడేనా తన పెళ్ళికి తను రానివాడు?" అంది. "ఓడ టికెట్టు కోసం వెన్ను విరిగేలా చెరకు కొట్టింది ఆయన. ఒక పూట కోటు తొడుక్కుని నిలబడ్డవాడు గోడెక్కాడు. ఆయన్ని కూడా ఎక్కించండి, లేకపోతే నన్ను దింపెయ్యండి. ఇద్దరం ఇంటికి పోతాం."

"పెళ్ళి ఫొటో వేరే ఉంటే ఇవ్వండి, ఇప్పుడే పెడతాను. కానీ అసలు ఫొటోయే కావాలి. దిద్దినవీ, అతికించినవీ మనం పెట్టం. మీకు తెలుసుగా మన రూలు."

తెలుసు. ఆ రూలు పెట్టిన మీటింగులో ఆమె కూడా చెయ్యెత్తింది.

శుక్రవారం ఎర్సీలియా ఇంట్లో క్రోస్తొలికి, అంటే నూనెలో వేయించే తీపి పట్టీలకి, పిండి కలిపారు. ఆదివారం వచ్చేవాళ్ళకి పెట్టడానికి. కోడిగుడ్లు, వెన్న, నిమ్మ తొక్కు, ఒక చుక్క సారా. పిండి బల్ల మీద అవతల చెయ్యి పెడితే ఇవతలికి కనబడేంత పల్చగా వత్తాలి. బియాంకా ఒక వైపూ ఎర్సీలియా ఒక వైపూ నిలబడి లాగుతున్నారు. కిటికీలోంచి మిల్లు వాసన వస్తోంది, మరుగుతున్న బెల్లం వాసన. క్రషింగు మొదలయిందంటే ఊరంతా ఆ వాసనే.

నడవా గోడ మీద ఫొటో ఉండే చోట ఒక చతురస్రం తెల్లగా మిగిలిపోయింది. అటు వెళ్ళినప్పుడల్లా ఎర్సీలియా కళ్ళు అక్కడే ఆగుతున్నాయి.

"చిన్నప్పుడు నేను రోజూ ఆ ఫొటోకి గుడ్‌మార్నింగ్ తాతయ్యా అని చెప్పేదాన్ని," అంది బియాంకా. తాతయ్యని ఆమె చూడలేదు, ఆమె పుట్టకముందే పోయాడు. "నువ్వు పక్కనే ఉండి కూడా చెప్పలేదేం?"

"మీ తాతయ్య మాట. ఇంటికొచ్చినవాళ్ళు 'ఏం అందంగా ఉన్నావయ్యా' అంటే 'థాంక్స్' అనేవాడు. వాళ్ళు వెళ్ళాక నేను దెబ్బలాడితే, మా తమ్ముడు నాకంటే అందగాడు, జనం నన్నే అనుకుంటే నాకేం పోయిందే అనేవాడు."

ఎర్సీలియా పళ్ళచక్రం తీసుకుని పిండిని పట్టీలుగా కోసింది. ఒక్కో పట్టీ మధ్యలో చిన్న గాటు.

"పోయింది," అంది. "మీ నాన్న జ్ఞానస్నానానికి మీ తాతయ్య మొదటిసారి కోటు కుట్టించుకున్నాడు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి చూద్దును కదా, నడవాలో ఆ ఫొటో ముందు నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో చూసి, అన్నే పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి, ఈగ వాలితే తోలుతున్నానన్నాడు."

బియాంకా పట్టీ ఒకటి తీసి ముడి వేసింది, వదులుగా.

"ఆ జ్ఞానస్నానం ఫొటో ఉందిగా నానమ్మా. అదిద్దాం."

"నీకేమన్నా మతిపోయిందా? పెళ్ళి గోడ మీద చంకలో పిల్లాడితో మొదలుపెడతానా? ఊరేమనుకుంటుంది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక బియాంకా చేతులు తుడుచుకుని ఫోను తీసింది. "పోనీ ఇంకో మాట. కంప్యూటర్లో తాతయ్య మొహం పెట్టేస్తాను. కోటూ తాతయ్యదే అనిపిస్తుంది. అల్డో అంకుల్ కనిపెట్టలేడు. ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాల పనే అయితే నాకొద్దు." ఎర్సీలియా పిండి మీద చెయ్యి గట్టిగా చరిచింది. "నీ కంప్యూటరుకి ఆయనెవరు? తలకాయలు మార్చే ఆటలో మా ఆయన్ని పెడతావా?"

బియాంకా ఫోను లోపల పెట్టేసింది. నొచ్చుకుందని ఎర్సీలియాకి తెలిసింది. పట్టీలు నూనెలో వేస్తూ, మెల్లగా, తనే మొదలుపెట్టింది.

"మేం కలిసిన రోజు ఫొటో తియ్యడానికి అక్కడెవడూ లేడు. రైలు దిగాను. ప్లాట్‌ఫారమ్మీద ఒక మనిషి. చేలోనే చెరకు ఆకు తగలబెట్టి గడ కొట్టే రోజులవి. ఎంత రుద్దుకున్నాడో పాపం, మెడ మీద మసి, గోళ్ళలో మసి. నా చేతికి తెల్ల గ్లవ్స్. చెయ్యి కలిపితే గ్లవ్ మీద ఆయన వేళ్ళు నల్లగా పడ్డాయి. సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు."

"ఆ గ్లవ్స్ ఉన్నాయా నానమ్మా?"

"ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి. మర్నాడే ఉతికేశాను." నూనెలో క్రోస్తొలి ఉబ్బి పైకి తేలాయి. "ఎంత మొద్దునే నేను. ఉతకడమే వచ్చు అప్పట్లో."

తీసి కాగితం మీద పరిచింది. కాసేపటికి మళ్ళీ అంది, ఈసారి గొంతులో వేరే కారం.

"అయినా అంతా ఆవిడ వల్ల. మీ తాతయ్య వాళ్ళమ్మ, మేనెగా. ఉన్న ఇద్దరిలో ఒకణ్ణి కొంగున కట్టేసుకుని ఇంకొకణ్ణి సముద్రంలోకి తోసేసింది. పెళ్ళినాడు చర్చి మెట్ల మీద తుల్లియో కాలరు సర్ది, వాడి భుజం మీద పడి ఏడ్చింది. ఏడవాల్సింది ఎవరి కోసం? నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, 'వాణ్ణి టోపీ లేకుండా ఎండలో తిరగనివ్వకు' అంది. అంతే. ముద్దు లేదు, దీవెన లేదు. పనిమనిషికి చెప్పినట్టు."

"నువ్వు తిరగనిచ్చావా?"

"ఎలా తిరగనిస్తాను! ముప్పైయేళ్ళు టోపీ పట్టుకుని గేటుదాకా పరిగెత్తాను. ఆ మనిషికి ఎప్పుడు గుర్తుంది గనక."

బియాంకా పంచదార జల్లుతూ ఆలోచనలో పడింది. ఆ సాయంత్రమే విచెంజా కొండల్లోని ఆ ఊరి తాతల పిచ్చోళ్ళకి, అక్కడా ఉన్నారు లెండి, ప్రపంచమంతా ఉన్నారు, ఒక కబురు పెట్టింది. మేనెగా ఫవరెత్తో ఇంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఆ ఇంట్లో బోర్తొలో కోటు తొడుక్కున్న ఫొటో ఏదైనా మిగిలిందా అని.

శనివారం సాయంత్రం హాలు వంటగదిలో పళ్ళాలు తుడుస్తుండగా బియాంకా ఫోను మోగింది. ఇటలీలో అప్పుడు పొద్దున్న. ఫోను తెర మీద నడివయసు దాటిన ఆడమనిషి, ముక్కు మీద కళ్ళజోడు, వెనక కిటికీలో కొండ.

"నేను లోరెదానాని. తుల్లియో కూతుర్ని. పెద్దమ్మ ఉందా అక్కడ?"

ఎర్సీలియాకి పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నున్జియా అందుకుంది. తుల్లియో పోయాక ఆ ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి, ఈమె కూడా రాయలేదు. ఫోను దగ్గరికి పెట్టుకుని, చిన్నప్పటి కొండ యాసలో, "నేనేనమ్మా, అందరూ బాగున్నారా?" అంది.

అవతల లోరెదానా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో పెద్దమ్మా! అచ్చం మా బామ్మలా మాట్లాడుతున్నావు! ఇక్కడెవరూ ఇలా మాట్లాడట్లేదు ఇప్పుడు. ఇంకోసారి మాట్లాడవూ?"

ఇంకోసారి మాట్లాడింది. ఇద్దరూ ఏడ్చారు. నున్జియా కూడా ఏడ్చింది, ఆమెకి ఆ యాసలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

"కోటులో పెదనాన్న ఫొటో అంటే విడిగా ఏదీ లేదు," అంది లోరెదానా. "కానీ ఒకటుంది. నవ్వకూడదు మరి. మా బామ్మ మంచం పైన ఉండేది, చచ్చిపోయేదాకా. ఆవిడ పోయాక మా అమ్మ పారేస్తానంటే నాన్న పారెయ్యనివ్వలేదు."

అద్దం లేని చట్రం ఒకటి తెచ్చి ఫోను ముందు పెట్టింది.

అదే ఫొటో. అవే చర్చి మెట్లు, అదే అరువు గౌను, అవే పూలు. కానీ నల్లకోటు కాలరు మీద తుల్లియో తల లేదు. దాని మీద ఇంకో తల అతికించి ఉంది. బోర్తొలో తల. చెరకు చేను దగ్గర ఎవరో తీస్తే అమ్మకి పంపిన ఫొటోలోది. ఎండకి కళ్ళు చికిలించి, గడ్డం మాసి. కత్తెరతో చుట్టూ ఓపిగ్గా కోశారు గానీ, తల పెళ్ళికూతురి తలకి ఒకటిన్నర రెట్లు ఉంది, కాస్త పక్కకి ఒరిగింది కూడా. నెత్తిన అంచులు చిరిగిన గడ్డిటోపీ.

మొదట నవ్వింది నున్జియానే. "చర్చిలో టోపీయా! ఫాదరు తన్నలేదూ!" బియాంకా కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఎర్సీలియా ఒక్కతే నవ్వలేదు.

"ఎవరు అతికించారు?"

"బామ్మే. మైదా జిగురుతో. మా అమ్మకి ఇది చూస్తే ఒళ్ళుమంట. పెళ్ళయి ఈ ఇంటికి రాగానే దెబ్బలాడిందట, నా మొగుడి మొహం మీద వేరే మొహం అతికిస్తావా అత్తా అని. బామ్మ ఏమందంటే, 'నీ మొగుడు నీ కళ్ళెదురుగానే తిరుగుతున్నాడుగా, వాడికి ఫొటో ఎందుకే? నా కళ్ళకి కనబడనివాణ్ణి ఇక్కడ పెట్టుకున్నాను. నా పెద్దకొడుకు పెళ్ళికి నేను వెళ్ళాలా వద్దా?' అందట."

ఎర్సీలియా ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. జిగురు ఎండి, టోపీ అంచు దగ్గర కాగితం కొంచెం పైకి లేచింది. అక్కడ బొటనవేలితో నొక్కి నొక్కి నున్నబడిన మచ్చ ఒకటి కనబడుతోంది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు.

వెనక నుంచి అల్డో దగ్గాడు. ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఎర్సీలియమ్మా, నాకూ పెట్టాలనే ఉంది. కానీ అతికించినవి పెట్టకూడదని మనమే కదా... రేపు ఇంకొకరు వచ్చి మాదీ పెట్టమంటే..."

ఎర్సీలియా తిరిగింది. అంత పొట్టి మనిషి అంత నిటారుగా నిలబడగలదని అల్డో అనుకుని ఉండడు.

"అతికించింది ఎవరయ్యా? నువ్వా, నేనా, కంప్యూటరా? పెళ్ళికొడుకు కన్నతల్లి. చర్చి పుస్తకంలో ఆయన పేరుంది, ఈ పటంలో ఆయన మొహం ఉంది. ఇంతకంటే అసలైంది నువ్వు ఎక్కడ తెస్తావో తీసుకురా, చూస్తాను."

అల్డో కళ్ళజోడు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"బియాంకా, ఆ అమ్మాయిని పెద్దగా ఫొటో తీసి పంపమను. టోపీ అంచులు స్పష్టంగా రావాలని చెప్పు. పొద్దున్నకల్లా అచ్చు వేయిస్తాను."

"అలా అన్నావు, మగాడివి!" అని నున్జియా క్రోస్తొలి పంచదార అంటిన చేత్తో అతని వీపు మీద చరిచింది. కోటు మీద అయిదు వేళ్ళ పంచదార పడింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఊరంతా హాలుకొచ్చింది. తెర తీశారు. చప్పట్లు కొట్టారు. జనం తమ తమ తాతల కింద గుంపులు కట్టారు, పిల్లల్ని ఎత్తి చూపించారు, ముక్కు నీదే, చెవులు నీవే అనుకున్నారు. ఫవరెత్తో వారి ముందు మాత్రం గుంపు ఎక్కువ, నవ్వులు ఎక్కువ. చెరకు చేలోంచి ఇప్పుడే లేచివచ్చినట్టున్న పెద్ద తలకాయ పెళ్ళికొడుకుని చూసి ఎవరు నవ్వరు? కింద అల్డో కొత్త చీటీ పెట్టాడు. 'బోర్తొలో, ఎర్సీలియా. వరుణ్ణి పెళ్ళికి తీసుకొచ్చినవారు: వరుడి తల్లి మేనెగా.'

ఎర్సీలియా అందరూ క్రోస్తొలి బల్లల వైపు వెళ్ళేదాకా కుర్చీలో కూర్చుంది. అప్పుడు లేచి, చేతిసంచీలోంచి తెల్ల గ్లవ్స్ తీసి తొడుక్కుంది. వేళ్ళు వాచి ఉన్నాయి, అతికష్టం మీద ఎక్కాయి. ఫొటో దగ్గరికి వెళ్ళి, తన పక్కనున్న ఆ మాసిన గడ్డాన్ని, ఆ ఒరిగిన తలని, చిరిగిన అంచుల్ని చూసింది. మెడ నొప్పెట్టేదాకా చూసింది.

బియాంకా పళ్ళెం తెచ్చి పక్కన నిలబడింది. నానమ్మ పెదాలు కదులుతున్నాయి. తాతయ్యతో ఏదో చెబుతోందనుకుని వెనక్కి తగ్గబోయింది.

కానీ ఆమె మాట్లాడుతున్నది తాతయ్యతో కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో పిలవని వరసతో, కొండ యాసలో, నెమ్మదిగా అంటోంది.

"టోపీ పెట్టుకునే వచ్చాడు అత్తయ్యా. చూశావుగా."